బోణీ బేరాల బండి

మా ఇంటి గడప దాటి ఏ కొత్త వస్తువు లోపలికి వచ్చినా, అది ఏమిటని ఎవరూ అడగరు. ఎంతకు ఇచ్చాడని అడుగుతారు. రెజిమెంటల్ బజార్‌లో మాది స్టీలు సామాన్ల దుకాణం. తాత పెట్టాడు, నాయిన పెంచాడు, నేను కూర్చుంటున్నాను. నడక, మాట, బేరం మూడూ నాకు ఒకే ఏడాది వచ్చాయని అమ్మ చెబుతుంది. డాక్టరు అయిదు రోజులకు మందు రాస్తే, మూడు రోజులకు సరిపెట్టండి సార్ అని అడిగిన వంశం మాది.

అలాంటి ఇంటికి నేను క్రూజర్ మోటారు సైకిల్ తెచ్చాను. తెలియని వాళ్ళకు చెప్పాలంటే, అది పడక కుర్చీకి ఇంజన్ బిగించినట్టుండే బండి. సీటు కిందికి ఉంటుంది, కాళ్ళు ముందుకు చాచాలి, చేతులు బార్లా పెట్టాలి, మొహం మాత్రం ఎక్కడికో చాలా దూరం పోతున్నట్టు పెట్టాలి. నలభై దాటాక నాకు ఆ మొహం పెట్టుకుని తిరగాలని బుద్ధి పుట్టింది.

కొత్తది కొనడం మా ఇంటావంటా లేదు కాబట్టి సెకండ్ హ్యాండ్ వెతికాను. అమ్మినవాడు కంప్యూటర్ ఉద్యోగం చేసే కుర్రాడు. టైరు అరిగిందనీ, చైన్ వదులైందనీ, ట్యాంకు మీద గీత ఉందనీ దారిపొడవునా ప్రసంగం తయారు చేసుకుని వెళ్ళాను. టైరు దగ్గరే ఉన్నాను, ఒక మాట అన్నాను, అతను "సరే అంకుల్" అని తాళం చేతిలో పెట్టాడు. ఒక్క మాటకే ఒప్పుకున్న బేరం మా వాళ్ళకు సగం ఓటమి. ఇంకో సగం ప్రసంగం నోట్లోనే ఉండిపోయింది. ఇంజన్ ఉందో లేదో అని బండి చుట్టూ మళ్ళీ ఒకసారి తిరిగి చూశాను.

దుకాణం ముందు ఆపగానే నాయిన గల్లా మీంచి లేచి వచ్చాడు. బండి ముందూ వెనకా పరిశీలించి, వంగి కింద కూడా చూశాడు.

"సామాన్ ఏడ కట్టాలె?" అన్నాడు.

సామాన్ కట్టే బండి కాదని చెప్పాను.

"మరెందుకు?"

"పోనీకి నాయినా."

"ఏడికి?"

ఊకెనే అన్నాను. ఊకె పోనీకి గింత పొడుగు బండా అని ఆయన నన్ను కాదు, మా ఆవిడను అడిగాడు. ఆమె చూపు బండి మీద లేదు. అంతకుముందు రోజు దాకా స్కూటర్ నిలబడిన జాగా మీద ఉంది. అవును, స్కూటర్ అమ్మితేనే ఈ బండి వచ్చింది. కాళ్ళ దగ్గర మోండా మార్కెట్ సంచులు నాలుగు పట్టే స్కూటర్ అది.

మా ఆవిడ గురించి ఇక్కడ చెప్పాలి. వాళ్ళది కృష్ణా జిల్లా వైపు. ఉద్యోగం మీద మామగారు హైదరాబాద్ వచ్చి అల్వాల్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఆమె స్కూల్లో లెక్కలు చెబుతుంది. లెక్కలు తెలిసిన కోడలు దొరికిందని మా వాళ్ళు సంబరపడ్డారు గానీ, ఆమె బేరం ఆడదని పెళ్ళయ్యాక తెలిసింది. మోండాలో మొదటిసారి టమాటాలు ఎంత అని అడిగింది, చెప్పింది ఇచ్చేసింది. కూరగాయల అవ్వ కంగారుపడి, ఏదో తప్పు చేసినదానిలా ఇంకో రెండు గుప్పిళ్ళు సంచిలో వేసింది. మా అమ్మ ఆ సంగతి చాలాకాలం బంధువుల్లో ఎవరికీ చెప్పలేదు.

బండి వచ్చిన మొదటి నెలలోనే దానితో వేగడం ఎంత పనో తెలిసింది. మోండా దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే కుడికాలు దోసెలా వేగేది. మా గల్లీలో వెనక్కి తిప్పడం కుదరదు. తిప్పాలంటే స్టేషన్ రోడ్డు దాకా పోయి చుట్టి రావాలి. వాన చుక్క పడితే తళతళలాడే భాగాలన్నిటి మీదా మరకలు. ఆ మరకలు నాకంటే ముందు నాయిన కళ్ళలో పడ్డాయి. గిన్నెలమ్మే ఇంటి ముందు మరకల బండి నిలబడితే గిరాకీ ఏమనుకోవాలని సణుగుతూ, గిన్నెలు తుడిచే గుడ్డ తీసి సైలెన్సర్ రుద్దాడు. మర్నాడు కూడా రుద్దాడు. బండిని తిట్టడం, సైలెన్సర్ తుడవడం రెండూ ఆయన దినచర్యలో పక్కపక్కనే చేరిపోయాయి. ఒకరోజు ఒకావిడ దుకాణంలోకి రాబోతూ దాన్ని చూసి ఇది ఏ గేజ్, రేకు మందం ఎంత అని అడిగింది. అలవాటు కొద్దీ నాయిన చెప్పబోయి ఆగాడు.

ఇంతవరకు బాగానే ఉంది. బండిని నా తీరుగా మార్చుకోవాలన్న పిచ్చి పట్టాక కథ అడ్డం తిరిగింది.

రాణిగంజ్ గల్లీలో పాత కొత్త విడిభాగాలమ్మే ఒకాయన ఉన్నాడు. బాబాయి అన్నట్టు అందరూ ఆయన్ని కాక అంటారు. ఆయన దగ్గర బేరం కుదరాలంటే నేను ఎంచుకున్న దారి బోణీ. దుకాణం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పొద్దున మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపితే ఆ రోజంతా వ్యాపారం పడుకుంటుందని మా నమ్మకం. అందుకని బోణీ చేసేవాడికి రేటు తగ్గుతుంది. ఈ రహస్యం తెలిసినవాణ్ణి కాబట్టి కాక షట్టర్ సగం ఎత్తేసరికే నేను దాని కిందనుంచి లోపలికి దూరేవాణ్ణి.

కానీ ఈ నియమానికి ఇంకో వైపుంది. మొదట అడుగు పెట్టినవాడు ఏమీ కొనకుండా బయటికి పోకూడదు. అట్లా పోయినవాళ్ళ గురించి మా దుకాణంలో ఏమేం అనుకునేవాళ్ళమో చిన్నప్పటినుంచి విన్నాను. ఆ మాటలు నా గురించి ఇంకొకరు అనుకోవడం నా వల్ల కాదు. కాబట్టి తొందరగా వెళితే తగ్గుతుంది, నిజమే. వెళ్ళాక మాత్రం ఏదో ఒకటి కొనక తప్పదు. అది కాకకు నాకంటే బాగా తెలుసు.

మొదటిసారి క్లచ్ వైరు కోసం వెళ్ళాను. రెండోసారి వెళ్ళినప్పుడు కాక నా చెయ్యి పట్టుకుని, "నీ చెయ్యి మంచిగున్నది తమ్మీ. మొన్న నువ్వు బోణీ చేసినంక పొద్దుమూకెదాంక గిరాకీ తెగలే," అన్నాడు.

ఏ రేటు చెప్పినా ఎట్లా తగ్గించాలో మా వాళ్ళు నేర్పారు. పొగడ్తను తగ్గించడం ఎవరూ నేర్పలేదు.

ఆ తర్వాత కాక ఫోన్లు చేయడం షురూ చేశాడు. గిరాకీ నడుస్తలేదు, జెర వచ్చి పోరాదు అనేవాడు. నేను అత్యవసరంగా పిలుపొచ్చిన డాక్టరులా నాయినకు ఏదో ఒకటి చెప్పి బయల్దేరేవాణ్ణి. పోయిన ప్రతిసారీ ఏదో ఒకటి బండికెక్కేది. ఎద్దు కొమ్ములంత వెడల్పు హ్యాండిల్. దాని చివర్ల వేలాడే తోలు కుచ్చులు. పక్కన తగిలించే తోలు సంచులు, వాటిలో ఒక కొబ్బరికాయ పడితే రెండోది పట్టదు. వేరే కంపెనీ బండికి చేసిన, వెనక కూర్చున్నవాళ్ళు ఆనుకునే ఇనుప చట్రం. మూడు లైట్లు వెలగాల్సిన చోట ఆరు, వాటిలో ఎప్పుడూ ఒకటి వెలగదు, అదీ ఒకే లైటు కాదు, రోజుకొకటి. నాకు కావలసినవి నేను కొనలేదు. తగ్గినవి కొన్నాను.

నా బేరాలన్నిటిలోకీ గొప్పది సీటు బేరం. బండికి వచ్చిన సీటు వెడల్పాటిది, మెత్తనిది. గింత పెద్ద సీటు ఈ బండికి లుక్ రానీయదు తమ్మీ అని కాక ఒక సన్నటి సీటు తీసి చూపించాడు. నేను వెంటనే నా పాత సీటును బేరంలో పెట్టాను. అది చాలదన్నాడు. వెనక చక్రం పక్కన చీర చుట్టుకోకుండా ఉండే చీర గార్డు కూడా విప్పి ఇస్తానన్నాను. కాక నుదురు కొట్టుకున్నాడు, నువ్వు నన్ను ముంచుతవు అన్నాడు, చివరికి ఒప్పుకున్నాడు. పనికిరాని రెండు సామాన్లు అంటగట్టి కొత్త సీటు తెచ్చానని ఆ రోజంతా ఈల వేస్తూ తిరిగాను.

అప్పటినుంచి కాక దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆయన గల్లా వెనక కాస్త ఎత్తుగా కనిపించేవాడు. వ్యాపారం పెరిగితే మనిషి నిటారుగా కూర్చుంటాడు కదా, ఇదంతా నా బోణీ మహిమ అనుకున్నాను.

కొత్త సీటు చూసిన రోజు మా ఆవిడ దాని వెనక భాగాన్ని జానతో కొలిచింది. జానకు తక్కువే వచ్చింది.

"మీకు సోఫా, నాకు ఇడ్లీ రేకు," అంది.

అది ఫ్యాషన్ అని చెప్పాను. ఆమె వాదించలేదు. లెక్కల టీచర్లు వాదించరు, షరతులు పెడతారు.

"వచ్చే ఆదివారం మా అమ్మావాళ్ళింటికి దీని మీదే వెళ్దామండి. ఇక్కడ ఎక్కి అల్వాల్‌లో మా గేటు ముందు దిగుతాను. మధ్యలో దిగాల్సి వస్తే బండి అమ్మేసి మళ్ళీ స్కూటర్ తెచ్చుకుందాం."

షరతు అన్నది చెవిన పడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. సిగ్నల్ దగ్గర కాలు కింద పెడితే దిగినట్టు కాదన్నాను. ఒప్పుకుంది. పెట్రోల్ బంకులో దిగితే లెక్కలోకి రాదన్నాను. ఒప్పుకుంది. ట్రాఫిక్ పోలీసులు ఆపితే అది దైవాధీనం అన్నాను. దానికీ తలూపింది. అన్నిటికీ అంత సులభంగా ఒప్పుకుంటుంటే నాకు కంప్యూటర్ కుర్రాడు గుర్తొచ్చాడు.

గల్లా మీంచి ఇదంతా విన్న నాయిన, పక్క తాళాల దుకాణం ఆయన బండి అడుగుతున్నాడని గాలిలోకి చెప్పాడు. అంటే కొనేవాడు కూడా సిద్ధం. ఆదివారం మధ్యాహ్నానికి నా క్రూజర్ గల్లీలో పక్క గుమ్మం ముందుకు జరగడానికి ఇడ్లీ రేకంత దూరమే ఉంది.

ఆ వారమంతా కనిపించిన నట్టునల్లా బిగించాను. టైర్లలో గాలి చూసుకున్నాను. వెనక సీటు మీద తువ్వాలు నాలుగు మడతలు పెట్టి తాడుతో కట్టాను. ఆదివారం పొద్దున ఆమె వచ్చి తువ్వాలు విప్పి నా చేతిలో పెట్టింది. పరుపులు షరతులో లేవంది. చుడీదార్ వేసుకుంది, చీర గార్డు సంగతి ఆమె మరిచిపోలేదన్నమాట. ఒక చేతిలో వాళ్ళమ్మకని వండిన పులిహోర, మా దుకాణం స్టీలు క్యారియర్లోనే. నాయిన గుడ్డతో సైలెన్సర్ మీద ఆఖరిసారి అన్నట్టు ఒకసారి తుడిచి పక్కకు జరిగాడు.

"పైలం బిడ్డా," అన్నాడు ఆమెతో.

ప్యాట్నీ దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. ప్యారడైజ్ దగ్గర నా ఎద్దు కొమ్ముల హ్యాండిల్ రెండు ఆటోల మధ్య ఇరుక్కుంది. ఆటో అతను తల బయటపెట్టి, ఏందన్నా, బండి నడుపుతున్నవా, బట్టలు ఆరేస్తున్నవా అని అడిగాడు. వెనకనుంచి నవ్వు వినిపించింది. నవ్వు మంచి శకునమే అనుకున్నాను. కార్ఖానా వచ్చేసరికి నవ్వు ఆగింది. వెనక సీటు వెనక్కి వాలి ఉందని నాకు తెలియదు, దాని మీద నేనెప్పుడూ కూర్చోలేదు. బ్రేకు వేస్తే ఆమె ముందుకు, గేరు మారిస్తే వెనక్కి జారుతోంది. క్యారియర్ నా వీపులో గుచ్చుకుంటోంది. గాలికి తోలు కుచ్చులు లేచి ఇద్దరి మోకాళ్ళనూ సమానంగా కొడుతున్నాయి.

తిరుమలగిరి దగ్గర, ఎట్లా ఉంది అని అడిగాను. ముందు చూసి నడపండి అంది. ఆ గొంతు పరీక్ష హాల్లో వాడే గొంతు.

లోతుకుంట దగ్గర స్పీడ్ బ్రేకర్. ఎంత మెల్లగా ఎక్కించినా వెనక ఠంగుమని ఒక చప్పుడైంది. ఊడినది నేను బిగించినవాటిలో లేదు, ఎందుకంటే దానికి నట్టే లేదు. వేరే కంపెనీ చట్రాన్ని కాక తీగతో కట్టి ఇచ్చాడు.

"ఏమండీ."

"ఆఁ."

"మీ ఆనుకునేది నా చేతిలో ఉంది."

అద్దంలో చూశాను. ఆమె ఒక చేత్తో క్యారియర్, ఇంకో చేత్తో ఇనుప చట్రం పట్టుకుని కూర్చుంది. పట్టుకోవడానికి ఇక మూడో చెయ్యి లేదు. పక్కకు తీసి ఆపాను. ఇక అయిపోయిందనుకున్నాను. తాళాల ఆయన నా హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డట్టు కళ్ళకు కట్టింది. దిగు, పర్వాలేదు అని నేనే అన్నాను. జీవితంలో మొదటిసారి ఎదుటివాళ్ళు అడగకుండా తగ్గాను.

ఆమె దిగలేదు. చట్రాన్ని స్కూల్ బ్యాగులా భుజానికి తగిలించుకుని, నా షర్టు గుప్పిట్లో బిగించి, పోనివ్వండి అంది.

అల్వాల్‌లో అత్తగారు గేటు తీసేసరికి, భుజాన ఇనుప చట్రంతో, చేతిలో పులిహోరతో కూతురు దిగింది. ఏమైందని ఆవిడ అడిగితే ఫ్యాషన్ అని చెప్పింది. నేను మాత్రం ఉండబట్టలేక, దిగితే నువ్వే గెలిచేదానివి కదా, ఎందుకు దిగలేదని అడిగాను.

"అమ్మేస్తే ఆ బండి కథ మీరు నాకు జన్మంతా చెబుతారు," అంది. "దానికంటే నడుం నొప్పే నయం. కానీ ఆ పాత సీటూ, చీర గార్డూ తిరిగి రావాలి. అవి నేనే కొంటాను. మీరు నోరెత్తకూడదు. రాకపోతే తాళాల ఆయనకు కబురు పంపండి."

కాక వాటిని ఎప్పుడో అమ్మేసి ఉంటాడని నా భయం. దొరికినా, ఆమె కొంటుందన్నది అంతకన్నా పెద్ద భయం.

మర్నాడు ఆమె స్కూలుకు పోయే ముందే రాణిగంజ్ వెళ్ళాం. షట్టర్ సగం లేచి ఉంది. ఈసారి ముందు ఆమె వంగి లోపలికి వెళ్ళింది. కాక గల్లా వెనక నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆమె సీటు సంగతి అడిగింది. కాక నా వైపు చూసి, గా సీటు ఎప్పుడో పోయింది బిడ్డా అన్నాడు. అని, కూర్చున్నచోట కాస్త కదిలాడు. తోలు కిర్రుమంది.

ఆమె గల్లా మీదుగా వంగి చూసింది.

"బాబాయిగారూ, మీరు కూర్చున్నదేంటండీ?"

కాక నెమ్మదిగా లేచాడు. చెక్క స్టూలు మీద తాడుతో కట్టిన నా సీటు. ఇన్నాళ్ళూ దాని మీద కూర్చునే నాకు చట్రమూ, కుచ్చులూ, ఆరు లైట్లూ అమ్మాడు.

"నడుము నొప్పి తమ్మీ," అన్నాడు నాతో. "దీని మీద కూసున్నకాడికెల్లి జెర ఆరామున్నది."

ఆమె ఎంత అని అడిగింది. బతిమాలించుకుని తగ్గడానికి వీలుగా కాక చాలా ఎత్తునుంచి మొదలుపెట్టాడు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఆమె నా వైపు చూసింది, మూసుకున్నాను. ఆమె బ్యాగు తెరిచి, ఆయన అన్నదంతా తీసి గల్లా మీద పెట్టింది.

కాక ఆ డబ్బు ముట్టుకోలేదు. డబ్బు వైపు, నా వైపు, సగం లేచిన షట్టర్ వైపు చూశాడు. బోణీకి వచ్చిన మనిషి ఒక్క మాట తగ్గించకుండా పోతే ఆ రోజుకు ఏమవుతుందో ఆయన పెద్దలు చెప్పి ఉండరు. మా పెద్దలూ చెప్పలేదు.

"ఏమన్న అడుగు బిడ్డా," అన్నాడు.

"మీరు చెప్పిందే కదండీ."

కాక పరేషాన్ అయ్యాడు. కొన్ని నోట్లు తీసి వెనక్కి జరిపాడు. ఆమె వాటిని చూస్తూ ఊరుకుంది. ఇంకొన్ని జరిపాడు. అయినా మనసు కుదుటపడలేదేమో, లోపలికి పోయి చీర గార్డు తెచ్చి, ఇది కొసరు అని పెట్టాడు. నా ఇన్నేళ్ళ విద్యతో ఎన్నడూ దింపలేని చోటికి ఆయన తనంతట తనే దిగిపోవడం నేను నిలబడి చూశాను. మిగిలిన డబ్బు కళ్ళకద్దుకుని, స్పానర్ తీసుకుని, సీటూ గార్డూ తనే బిగించాడు.

ఊడదీసిన సన్నటి సీటు నా చేతిలో ఉంది. పోతూ పోతూ ఒక బేరమైనా చేద్దామనిపించింది. దీన్ని మీ స్టూలు మీద కట్టుకోండి, ఏమిస్తారో ఇవ్వండి అన్నాను.

కాక దాన్ని ఎగాదిగా చూశాడు.

"గది నాకెందుకు తమ్మీ? దాని మీద ఎవలు కూసుంటరు?"

ఆమె వెనక ఎక్కి, సీటు మీద అటూ ఇటూ సర్దుకుని కూర్చుంది. సన్నటి సీటు ఒళ్ళో పెట్టుకుంది. నేను బండి స్టార్ట్ చేస్తుంటే కాక షట్టర్ కిందనుంచి వంగి బయటికి వచ్చాడు. నన్ను దాటుకుని ఆమె పక్కకు వెళ్ళాడు.

"నీ చెయ్యి మంచిగున్నది బిడ్డా," అన్నాడు. "గిరాకీ లేనప్పుడు జెర వచ్చి పోతుండు."